మెమరీ మ్యాప్ చేసిన ఫైలుకు పక్కా క్లాస్ రాయడం ఎలా?

ఫైలును మామూలు పద్ధతిలో చదివినప్పుడు ఒకే సమాచారం రెండు చోట్ల ఉంటుంది. డిస్కు నుంచి వచ్చిన బైట్లను కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ముందు తన పేజ్ క్యాషెలో, అంటే ఫైలు ముక్కలను పేజీలుగా దాచుకునే మెమరీ భాగంలో, పెట్టుకుంటుంది. ఆ తర్వాత వాటిని మీ ప్రోగ్రాం ఇచ్చిన బఫర్‌లోకి నకలు చేస్తుంది. మెమరీ మ్యాపింగ్‌లో ఈ రెండో నకలు ఉండదు. పేజ్ క్యాషెలో ఉన్న పేజీలే నేరుగా మీ ప్రాసెస్ చిరునామాల్లో కనబడతాయి. మీ కోడ్ ఒక చిరునామాను తాకినప్పుడు ఆ పేజీ ఇంకా మెమరీలోకి రాకపోయి ఉంటే పేజ్ ఫాల్ట్ పడుతుంది. కెర్నల్ ఆ పేజీని తెచ్చిపెట్టాక మీ కోడ్ ఆగిన చోటి నుంచే ముందుకు సాగుతుంది.

జావాలో ఫైలును మ్యాప్ చేయడానికి ఒక్క మెథడ్‌ను పిలిస్తే చాలు. చిక్కంతా ఆ తర్వాతే. చేతికొచ్చిన బఫర్ ఎవరి దగ్గర ఉండాలి, దాన్ని ఎవరు మూయాలి, మూసేశాక ఎవరైనా తాకితే ఏమవుతుంది? ఈ ప్రశ్నలకు జవాబు కోడ్‌లోనే ఉండాలి. లేకపోతే బఫర్ ఒక క్లాస్ నుంచి మరో క్లాస్‌కు చేతులు మారుతూ పోతుంది. ఎప్పుడో ఒక రాత్రి ప్రోగ్రాం కూలితే తప్పు ఎక్కడ జరిగిందో వెతకడానికి దారే దొరకదు. అందుకే ఇక్కడ మ్యాపింగ్‌కు ఒకే ఒక్క యజమాని ఉండేలా ఒక క్లాస్ కడదాం. జావా 22 ఉందనుకుని చెబుతాను, పాత వెర్షన్లలో ఉన్నవారికి తేడాలు అక్కడక్కడా చూపిస్తాను. క్లాసుల పేర్లు, మెథడ్ల పేర్లు పలికే తీరులోనే రాశాను.

ముందు ఇది మీకు అవసరమా అని చూసుకోండి

వెయ్యి వర్షమాపక కేంద్రాలు 15 నిమిషాలకోసారి ఒక్కో రీడింగు పంపుతున్నాయనుకుందాం. రోజుకు 96,000 రికార్డులు, ఏడాదికి 3,50,40,000. ఒక్కో రికార్డు 16 బైట్లయితే ఏడాది ఫైలు 56 కోట్ల బైట్లు దాటుతుంది. ఫలానా రోజు తెల్లవారుజామున ఫలానా కేంద్రంలో ఎంత వాన పడిందని రోజంతా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఒకసారి జూన్ నెల కావాలి, మరుసటి క్షణం అక్టోబరు కావాలి. పెద్ద ఫైలు, అందులో అక్కడొకటి ఇక్కడొకటి చదివే అవసరం, పదే పదే తాకే పేజీలు కొన్నే. మ్యాపింగ్ సరిగ్గా నప్పేది ఇలాంటి చోటే. పైగా ఒకే ఫైలును నాలుగు ప్రాసెస్‌లు మ్యాప్ చేసినా మెమరీలో ఉండేది ఒకే ప్రతి.

ఫైలు కొన్ని పదుల కిలోబైట్లే అయితే మామూలుగా చదవడమే చవక. మ్యాప్ చేసే ఖర్చే అంతకంటే ఎక్కువని జావా అధికారిక పత్రాలు కూడా చెబుతున్నాయి. మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి చదివి వదిలేసే ఫైలుకు కూడా సాధారణ బఫర్ చాలు. నెట్‌వర్క్ డ్రైవ్‌లో ఉన్న ఫైలునైతే మ్యాప్ చేయవద్దనే చెబుతాను. లైన్ తెగినప్పుడు వచ్చే లోపం మామూలు ఎక్సెప్షన్‌గా రాదు, మెమరీ లోపంగా వచ్చి మీద పడుతుంది.

పెద్ద ప్రాజెక్టులు దీన్ని ఎక్కడ వాడాయో, ఎక్కడ మానుకున్నాయో గమనించండి. వెతుకులాట లైబ్రరీ అయిన అపాచీ లూసీన్ 64-బిట్ యంత్రాల్లో తన ఇండెక్స్‌ను మ్యాపింగ్ ద్వారానే చదువుతుంది. సందేశాలను చేరవేసే కాఫ్కా ఇండెక్స్ ఫైళ్లను మాత్రమే మ్యాప్ చేసి, సందేశాలుండే లాగ్ ఫైళ్లను మామూలు ఛానెల్‌తో రాస్తుంది. డేటాబేస్ అయిన మాంగోడీబీ మాత్రం మ్యాపింగ్ మీద ఆధారపడిన తన పాత స్టోరేజ్ ఇంజిన్‌ను 2019లో వచ్చిన 4.2 వెర్షన్‌తో పూర్తిగా తొలగించింది. చదవడం ఎక్కువ, రాయడం తక్కువ ఉన్న చోట ఇది వెలుగుతుంది. ఏ పేజీ ఎప్పుడు డిస్కుకు చేరాలో మీరే నిర్ణయించాల్సిన చోట ఇబ్బంది పెడుతుంది.

ఫైలు ఆకారాన్ని కాగితం మీద గీయండి

కోడ్ రాయకముందే ఏ బైటు ఎక్కడ ఉంటుందో తేల్చుకోవాలి. మన రికార్డు ఇలా ఉంటుంది: మొదటి 8 బైట్లు సమయం, తర్వాతి 4 బైట్లు కేంద్రం సంఖ్య, చివరి 4 బైట్లు వర్షపాతం. వర్షపాతాన్ని మిల్లీమీటరులో పదో వంతు లెక్కన పూర్ణసంఖ్యగా దాచండి. 23.4 మిల్లీమీటర్లు పడితే 234 అని రాయాలి. దశాంశాల గొడవ ఉండదు, కూడికలు కచ్చితంగా వస్తాయి.

16 అనే పరిమాణాన్ని ఊరికే ఎంచుకోలేదు. చాలా సర్వర్లలో ఒక పేజీ 4096 బైట్లు. అందులో సరిగ్గా 256 రికార్డులు పడతాయి. ఏ రికార్డూ రెండు పేజీల మధ్య విరగదు. ఆపిల్ సిలికాన్ యంత్రాల్లో పేజీ 16 కిలోబైట్లు, అక్కడా లెక్క చెడదు. 18 బైట్ల రికార్డును ఎంచుకుంటే కొన్ని రికార్డులు సగం ఒక పేజీలో, సగం ఇంకో పేజీలో పడి, ఒక్క రీడింగుకు రెండు పేజ్ ఫాల్టులు తగిలే అవకాశం ఉంది.

ఫైలు తలభాగంలో హెడర్ కోసం ఒక పూర్తి పేజీ, అంటే 4096 బైట్లు వదలండి. అందులో మొదటి 4 బైట్లలో ఇది మన ఫైలేనని చెప్పే గుర్తు సంఖ్య, తర్వాతి 4 బైట్లలో ఫార్మాట్ వెర్షన్, ఆ తర్వాత రికార్డు పరిమాణం పెట్టండి. 16వ ఆఫ్‌సెట్ దగ్గర 8 బైట్లలో ఇప్పటిదాకా రాసిన రికార్డుల సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య 8తో భాగించబడే ఆఫ్‌సెట్‌లోనే ఉండాలి, ఎందుకో థ్రెడ్ల దగ్గర తెలుస్తుంది. మిగిలిన జాగా ఖాళీగానే ఉండనివ్వండి. రెండేళ్ల తర్వాత ఇంకో విషయం చేర్చాల్సి వస్తే ఆ ఖాళీయే ఆదుకుంటుంది.

ఇక బైట్ల వరుస. ఒక సంఖ్యలోని బైట్లలో పెద్ద స్థానం ముందా, చిన్న స్థానం ముందా అన్నది ఫైలు ఫార్మాట్‌లో భాగమని గుర్తుంచుకోండి. నేటి ఇంటెల్, ఆర్మ్ సర్వర్లలో చిన్న స్థానమే ముందు ఉంటుంది కాబట్టి లిటిల్ ఎండియన్ ఎంచుకోండి. జావాలో పాత బైట్‌బఫర్ ఏ యంత్రం మీదైనా బిగ్ ఎండియన్‌తోనే మొదలవుతుంది. కొత్త మెమరీసెగ్మెంట్‌లో వాడే వాల్యూలేఅవుట్‌లు మాత్రం యంత్రం వరుసనే తీసుకుంటాయి. ఒకదానితో రాసి ఇంకోదానితో చదివితే 234 కాస్తా పదుల కోట్లలోకి వెళ్లిన ఏదో రుణసంఖ్యగా కనబడుతుంది. అందుకే దేన్నీ డిఫాల్ట్‌కు వదలకండి. జావాలాంగ్, జావాఇంట్ లేఅవుట్‌లకు విత్‌ఆర్డర్‌తో లిటిల్ ఎండియన్ తగిలించి, వాటిని స్టాటిక్ ఫైనల్ స్థిరాంకాలుగా క్లాస్ పైభాగంలో పెట్టుకోండి. స్టాటిక్ ఫైనల్ అయితేనే నడుస్తుండగానే కోడ్‌ను యంత్ర భాషలోకి మార్చే జిట్ కంపైలర్ ఆ చదువును ఒకటి రెండు యంత్ర ఆదేశాలకు కుదించగలదు.

పాత బైట్‌బఫర్ వాడేవారికి ఇక్కడే ఒక గుంట ఉంది. బఫర్‌కు లిటిల్ ఎండియన్ అని చెప్పి, తర్వాత స్లైస్ లేదా డూప్లికేట్ పిలిస్తే, వచ్చే కొత్త బఫర్ మళ్లీ బిగ్ ఎండియన్‌కే వెళ్లిపోతుంది. ప్రతి స్లైస్ తర్వాత ఆర్డర్ మళ్లీ చెప్పాలి. ఆ పనిని ఒక్క ప్రైవేట్ మెథడ్‌లో పెట్టి, స్లైస్‌ను ఇంకెక్కడా నేరుగా పిలవకుండా చూసుకోండి.

తెరవడం

క్లాస్ పేరు రెయిన్‌ఫైల్ అనుకుందాం. కన్‌స్ట్రక్టర్‌ను ప్రైవేట్ చేసి, ఓపెన్ అనే స్టాటిక్ మెథడ్ ఇవ్వండి. తెరవడంలో విఫలమయ్యే మెట్లు చాలా ఉన్నాయి. ఫైలు లేకపోవచ్చు, పరిమాణం తక్కువ కావచ్చు, గుర్తు సంఖ్య కలవకపోవచ్చు. సగం తయారైన ఆబ్జెక్ట్ ఎవరి చేతికీ చిక్కకూడదంటే ఇవన్నీ ఓపెన్‌లోనే పూర్తి కావాలి.

ఓపెన్‌లో వరుస ఇది. ఫైల్‌ఛానెల్.ఓపెన్‌తో ఫైలును తెరవండి. ఛానెల్ సైజ్ అడిగి, అది కనీసం 4096 ఉందో లేదో చూడండి. అరీనా.ఆఫ్‌షేర్డ్‌తో ఒక అరీనా, అంటే మ్యాపింగ్ ఆయుష్షును పట్టి ఉంచే ఆబ్జెక్ట్, సృష్టించండి. ఛానెల్ మ్యాప్ మెథడ్‌కు మోడ్, మొదలు, పొడవు, ఆ అరీనా ఇవ్వండి. మెమరీసెగ్మెంట్ చేతికొస్తుంది. హెడర్‌లోని గుర్తు, వెర్షన్, రికార్డు పరిమాణం సరిచూడండి. రికార్డుల సంఖ్యను 16తో గుణించి 4096 కలిపితే వచ్చేది ఫైలు పొడవును మించకూడదు. ఏ ఒక్కటి తప్పినా అరీనాను మూసి, ఫైలు పేరుతో సహా అర్థమయ్యే సందేశంతో ఎక్సెప్షన్ విసరండి. అన్నీ సరిపోతే అప్పుడు కన్‌స్ట్రక్టర్‌ను పిలవండి.

మ్యాప్ అయ్యాక ఛానెల్‌ను మూసేయవచ్చు. ఛానెల్ మూసినా మ్యాపింగ్ చెక్కుచెదరదు. ఛానెల్‌ను ట్రై-విత్-రిసోర్సెస్‌లో పెడితే అది దానంతటదే మూసుకుంటుంది. అరీనాను మాత్రం అలా పెట్టకూడదు, దాని ఆయుష్షు ఆబ్జెక్ట్‌తో పాటే సాగాలి.

మోడ్‌లు మూడు. చదవడానికి మాత్రమే అయితే రీడ్ ఓన్లీ. రాయాలంటే రీడ్ రైట్, దానికి ఛానెల్‌ను చదవడానికీ రాయడానికీ రెండింటికీ తెరిచి ఉండాలి, రాయడానికి మాత్రమే తెరిస్తే మ్యాప్ ఎక్సెప్షన్ విసురుతుంది. మూడోది ప్రైవేట్. అందులో మీరు చేసే మార్పులు మీ ప్రాసెస్‌కే కనబడతాయి, ఫైలుకు చేరవు. ఇంకో సంగతి: రీడ్ రైట్ మోడ్‌లో ఫైలు పొడవును మించి మ్యాప్ చేస్తే జావా ఫైలునే పొడిగిస్తుంది. పొడవు లెక్కలో చిన్న తప్పు దొర్లితే ఫైలు చడీచప్పుడు లేకుండా ఉబ్బుతుంది. కాబట్టి చదివే కోడ్ ఎప్పుడూ రీడ్ ఓన్లీతోనే తెరవాలి.

జావా 22కు ముందున్నవారు ఏం చేయాలి? అదే ఫైల్‌ఛానెల్‌కు అరీనా అడగని పాత మ్యాప్ మెథడ్ ఉంది, 2002లో వచ్చిన జావా 1.4 నుంచీ ఉంది. అది మ్యాప్డ్‌బైట్‌బఫర్ ఇస్తుంది. దాని ఇండెక్సులు ఇంట్ రకం కావడంతో ఒక మ్యాపింగ్ 2,14,74,83,647 బైట్లను మించకూడదు. మన వెయ్యి కేంద్రాల ఏడాది ఫైలుకు అది చాలు. కేంద్రాలు నాలుగు వేలైతే ఒక్క ఏడాదికే చాలదు. అప్పుడు రికార్డుల భాగాన్ని ఒక్కోటి 2కు 30వ ఘాతం బైట్ల కిటికీలుగా కోసి, బఫర్ల శ్రేణిలో పెట్టుకోండి. ఒక్కో కిటికీలో 2కు 26వ ఘాతం, అంటే 6,71,08,864 రికార్డులు పడతాయి. రికార్డు సంఖ్యను 26 బిట్లు కుడికి జరిపితే కిటికీ సంఖ్య వస్తుంది, మిగిలిన కింది 26 బిట్లే ఆ కిటికీలో స్థానం. భాగహారం అవసరం లేదు, రికార్డు కిటికీల మధ్య విరగదు. ఈ లెక్కంతా రెయిన్‌ఫైల్ లోపలే ఉంటుంది కాబట్టి రేపు జావా 22కు మారినప్పుడు బయటి కోడ్‌లో ఒక్క పంక్తి కూడా మార్చనక్కర్లేదు.

బఫర్‌ను బయటకు ఇవ్వకండి

నా దృష్టిలో ఈ మొత్తం పనిలో అతి ముఖ్యమైన నియమం ఇదే. గెట్‌బఫర్ వంటి మెథడ్ రాయాలనే ఆలోచన వచ్చిన మరుక్షణమే దాన్ని పక్కన పెట్టండి. సెగ్మెంట్, అరీనా రెండూ ప్రైవేట్ ఫైనల్‌గా లోపలే ఉండాలి. బయటివారికి కనబడాల్సినవి కౌంట్, టైమ్, స్టేషన్, రెయిన్, ఫైండ్, యాడ్, క్లోజ్. ఆఫ్‌సెట్ అన్న మాటే వారికి తెలియకూడదు.

రెయిన్ మెథడ్ లోపల రెండే పనులు. మొదటిది, వచ్చిన ఇండెక్స్ కౌంట్ కంటే తక్కువో కాదో ఆబ్జెక్ట్స్.చెక్‌ఇండెక్స్‌తో చూడటం. రెండోది, 4096కు ఇండెక్స్‌ను 16తో గుణించి కలిపి, దానికి 12 కలిపి, అక్కడున్న ఇంట్‌ను చదివి ఇవ్వడం. మొదటి పని అనవసరమని కొందరంటారు, సెగ్మెంట్ తన హద్దులు తానే చూసుకుంటుంది కదా అని. అది చూసేది మ్యాపింగ్ హద్దునే. మన ఫైలులో రాసిన రికార్డుల తర్వాత రాయబోయే వాటి కోసం సున్నాలతో నింపిన జాగా ఉంటుంది. అక్కడ చదివితే సెగ్మెంట్ అభ్యంతరం చెప్పదు, వాన పడలేదన్న జవాబు వస్తుంది. ప్రోగ్రాం కూలితే కనీసం తెలుస్తుంది, ఇలాంటి అబద్ధపు సున్నా నివేదికల్లోకి చేరితే ఎవరికీ తెలియదు.

గుణకారంలో ఇంకో జాగ్రత్త: ఇండెక్స్ లాంగ్ రకమై ఉండాలి. ఇంట్‌ను 16తో గుణిస్తే 13,42,17,727 తర్వాతి రికార్డు దగ్గరే విలువ పొంగిపోయి రుణసంఖ్య అవుతుంది.

ప్రతి రికార్డుకూ ఒక ఆబ్జెక్ట్ సృష్టించి ఇవ్వాలా? ఒకటి రెండు రికార్డులు అడిగే చోట రీడింగ్ అనే చిన్న జావా రికార్డు ఇవ్వండి, చదవడానికి హాయిగా ఉంటుంది. అందులో విలువలే ఉంటాయి, మ్యాపింగ్‌తో లంకె ఉండదు కాబట్టి ఫైలు మూసేశాక కూడా దాన్ని నిశ్చింతగా వాడుకోవచ్చు. కోట్ల రికార్డులు కూడే లూపులో మాత్రం నేరుగా రెయిన్ మెథడ్‌ను ఇండెక్స్‌తో పిలవండి, హీప్ (జావా ఆబ్జెక్టులుండే మెమరీ) మీద భారం పడదు.

ఫైండ్ మెథడ్‌కు బైనరీ సెర్చ్ చాలు, రికార్డులు సమయం వరుసలోనే వస్తున్నాయి కాబట్టి. మూడున్నర కోట్ల రికార్డుల్లో గరిష్ఠంగా 26 పోలికల్లో పని అయిపోతుంది. చివరి పోలికలు దాదాపు ఒకే పేజీలో పడతాయి, పేజీకి 256 రికార్డులు ఉన్నాయి గనుక. అంటే ఒక వెతుకులాటకు తాకేవి సుమారు ఇరవై పేజీలే. మొదటి కొన్ని పోలికల పేజీలు అందరి వెతుకులాటలకూ ఉమ్మడి కావడంతో దాదాపు ఎప్పుడూ మెమరీలోనే ఉంటాయి. మీరు ఒక్క పంక్తి క్యాషింగ్ కోడ్ రాయకుండానే కెర్నల్ చేసిపెట్టే మేలు ఇది.

మూయడం

రెయిన్‌ఫైల్ ఆటోక్లోజబుల్ కావాలి. క్లోజ్ లోపల అరీనాను మూసేయడమే. ఆ క్షణమే మ్యాపింగ్ తొలగిపోతుంది. ఆ తర్వాత ఎవరైనా రెయిన్‌ను పిలిస్తే ఇల్లీగల్‌స్టేట్‌ఎక్సెప్షన్ వస్తుంది, జేవీఎం (జావా ప్రోగ్రాంను నడిపే యంత్రాంగం) మాత్రం కూలదు. క్లోజ్‌ను రెండుసార్లు పిలిస్తే అరీనా రెండోసారి ఎక్సెప్షన్ విసురుతుంది కాబట్టి, మూసేశామా లేదా అని ఒక జెండా పెట్టుకుని రెండో పిలుపును మౌనంగా వదిలేయండి.

షేర్డ్ అరీనాను మూయడం ఖరీదైన పని, జేవీఎం తన థ్రెడ్లన్నింటినీ సంప్రదించాలి. కాబట్టి ప్రతి ప్రశ్నకూ ఫైలును తెరిచి మూసే పద్ధతి వద్దు. సేవ మొదలైనప్పుడు తెరిచి, ఆగేటప్పుడు మూయండి. ఒకే థ్రెడ్ వాడే చిన్న పనిముట్టుకైతే ఆఫ్‌కన్‌ఫైన్డ్ అరీనా చవక, అయితే ఇంకో థ్రెడ్ తాకితే రాంగ్‌థ్రెడ్‌ఎక్సెప్షన్ వస్తుంది.

పాత మ్యాప్డ్‌బైట్‌బఫర్‌కు క్లోజ్ అనేదే లేదు. గార్బేజ్ కలెక్టర్ ఆ ఆబ్జెక్ట్‌ను ఏరేసినప్పుడే మ్యాపింగ్ పోతుంది, అది ఎప్పుడన్నది మీ చేతిలో లేదు. విండోస్‌లో అప్పటిదాకా ఆ ఫైలును తొలగించడం కుదరదు. అన్‌సేఫ్ క్లాస్‌లోని ఇన్వోక్‌క్లీనర్‌తో బలవంతంగా విడిపించే ఉపాయం ఉంది. ఆ తర్వాత పొరపాటున ఒక్క థ్రెడ్ ఆ బఫర్‌ను తాకినా జేవీఎం మొత్తం కూలవచ్చు. తప్పనిసరై వాడితే, బఫర్ రెయిన్‌ఫైల్ గడప దాటలేదని నూటికి నూరు పాళ్లు నమ్మకం ఉన్నప్పుడే వాడండి.

ఇదే సూత్రం వేరే భాషల్లోనూ వర్తిస్తుంది. పైథాన్‌లో ఎమ్‌మ్యాప్ మీద మెమరీవ్యూ తీసుకుని, దాన్ని వదలకుండా మ్యాప్‌ను మూయబోతే బఫర్‌ఎర్రర్ వస్తుంది. లోపలి ముక్క ఇంకా ఎవరి చేతిలోనో ఉందని భాషే హెచ్చరిస్తోందన్నమాట.

రాయడం

రాసే పనిని ఒకే ప్రాసెస్‌కు, ఒకే థ్రెడ్‌కు అప్పగించండి. రెండో రచయిత రాకుండా పక్కనే ఒక చిన్న లాక్ ఫైలు పెట్టి, దాని ఛానెల్ మీద ట్రైలాక్ తీసుకోండి. డేటా ఫైలు మీదే లాక్ పెడితే, కొన్ని సిస్టమ్‌లలో అదే ప్రోగ్రాంలో ఆ ఫైలుకున్న వేరే ఛానెల్ మూసినప్పుడు ఈ లాక్ కూడా ఊడిపోతుంది.

పెరిగే ఫైలును మ్యాప్ చేసి, నిండినప్పుడల్లా మళ్లీ మ్యాప్ చేయడం కంటే ఏడాదికొక ఫైలు పెట్టడం మేలని నా అభిప్రాయం. పొడవు ముందే తెలుసు: 56,06,44,096 బైట్లు, లీపు సంవత్సరమైతే మరో 96,000 రికార్డుల జాగా. ఫైలును సృష్టించేటప్పుడే మామూలు రైట్‌తో ఆ పొడవంతా సున్నాలు రాయండి. పొడవు మాత్రమే పెంచి వదిలేస్తే చాలా ఫైల్ సిస్టమ్‌లలో నిజమైన డిస్కు జాగా కేటాయింపు జరగదు. తర్వాత డిస్కు నిండిన రోజు మ్యాపింగ్‌లో రాయబోతే లైనక్స్ సిగ్‌బస్ అనే మెమరీ లోపం సిగ్నల్ పంపుతుంది, జావాలో అది ఇంటర్నల్‌ఎర్రర్‌గా తేలుతుంది. సున్నాలు ముందే రాస్తే జాగా లేదన్న సంగతి మొదటి రోజే మామూలు ఐఓఎక్సెప్షన్‌గా బయటపడుతుంది.

మ్యాప్‌లో రాసినది డిస్కుకు ఎప్పుడు చేరుతుంది? ఇక్కడ రెండు ప్రమాదాలను వేరుగా చూడాలి. మీ ప్రోగ్రాం ఒక్కటే కూలితే నష్టం లేదు, మార్చిన పేజీలు కెర్నల్ దగ్గరే ఉన్నాయి, అది వాటిని తీరిగ్గా డిస్కుకు రాస్తుంది. కరెంటు పోతేనో, కెర్నలే కూలితేనో ఆ పేజీలు పోతాయి. దాని కోసమే ఫోర్స్ మెథడ్, అది మార్చిన పేజీలను అప్పటికప్పుడు డిస్కుకు రాయిస్తుంది. పైగా మార్చిన పేజీలను కెర్నల్ ఏ వరుసలోనైనా రాయవచ్చు. హెడర్ పేజీ ముందు చేరి, రికార్డుల పేజీ చేరకముందే కరెంటు పోతే, కౌంట్‌లో లెక్క ఉంటుంది కానీ రికార్డుండదు.

కాబట్టి యాడ్ వరుస మార్చకండి. రికార్డుల గుత్తిని రాయండి. ఆ భాగాన్ని యాజ్‌స్లైస్‌తో తీసుకుని ఫోర్స్ చేయండి. తర్వాతే హెడర్‌లో కౌంట్ పెంచండి. హెడర్‌ను ఫోర్స్ చేయండి. ఒక్కో రికార్డుకూ ఫోర్స్ చేస్తే డిస్కు తట్టుకోదు. 15 నిమిషాలకోసారి వెయ్యి రీడింగులు వస్తాయి కాబట్టి వాటన్నింటికీ కలిపి ఒకసారి చాలు.

ఫైలును మార్చాల్సి వస్తే పాతదాని మీద నకలు చేయకండి. అలా చేస్తే అది ముందు సున్నా బైట్లకు కుదించబడుతుంది, ఆ క్షణంలో మ్యాపింగ్‌ను చదువుతున్న ప్రతి ప్రాసెస్‌కూ సిగ్‌బస్ ప్రమాదం. లైనక్స్‌లో కొత్త పేరుతో పూర్తిగా రాసి, చివర్లో పేరు మార్చండి. పాత ఫైలును చదువుతున్నవారు దాన్ని మూసేదాకా పాతదే చూస్తారు.

థ్రెడ్లు, అనుకోని ఆలస్యాలు

రాసే థ్రెడ్ కౌంట్‌ను వార్‌హ్యాండిల్ ద్వారా సెట్‌రిలీజ్‌తో పెంచాలి, చదివేవారు గెట్‌అక్వైర్‌తో చదవాలి. అప్పుడు కొత్త కౌంట్ చూసిన థ్రెడ్‌కు దాని ముందు రాసిన రికార్డులన్నీ తప్పక కనబడతాయి. కౌంట్ 8తో భాగించబడే ఆఫ్‌సెట్‌లో ఉండాలన్నది ఇందుకే, లేకపోతే ఈ ఆపరేషన్లు ఎక్సెప్షన్ విసురుతాయి.

ఆలస్యం సంగతి అంత సులభంగా కంటికి కనబడదు. పేజ్ ఫాల్ట్‌లో చిక్కుకున్న థ్రెడ్ జావా కోడ్ నడుపుతున్నట్టే జేవీఎం భావిస్తుంది. గార్బేజ్ కలెక్షన్ (జీసీ) కోసం థ్రెడ్లన్నీ ఆగాల్సినప్పుడు, డిస్కు కోసం ఎదురు చూస్తున్న ఆ ఒక్క థ్రెడ్ కోసం మిగిలినవన్నీ నిలబడిపోతాయి. జీసీ లాగ్‌లో జీసీ సమయం తక్కువగానే కనబడి, సేఫ్‌పాయింట్‌కు, అంటే థ్రెడ్లన్నీ ఆగే చోటుకు, చేరే సమయం ఎక్కువగా ఉంటే ముందు మ్యాపింగ్‌ను అనుమానించండి. వర్చువల్ థ్రెడ్లు వాడినా తప్పించుకోలేరు, పేజ్ ఫాల్ట్ కింద ఉన్న అసలు థ్రెడ్‌నే ఆపేస్తుంది. రోజూ వాడే భాగాన్ని ఉదయమే లోడ్ మెథడ్‌తో మెమరీలోకి తెచ్చుకోవడం కొంతవరకు ఉపశమనం. మెమరీ చాలని యంత్రంలో అదీ ఆదుకోదు.

మెమరీ లెక్కలు చూసి కంగారు పడకండి. మ్యాప్ చేసిన పేజీలు హీప్ పరిమితిలోకి రావు, ప్రాసెస్ వాడుతున్న మెమరీలో మాత్రం కనబడతాయి. ఎన్ని పేజీలను తాకితే ఆ అంకె అంత పెరుగుతుంది. శుభ్రంగా ఉన్న పేజీలను కెర్నల్ ఎప్పుడు కావాలంటే అప్పుడు వదిలేయగలదు, కాబట్టి అది లీకు కాదు.

తెలుగు పేర్లున్న ఫైలును మ్యాప్ చేస్తే

కేంద్రాల పేర్లకు ఇంకో ఫైలు కావాలి. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ 3 బైట్లు పడతాయి. ఒత్తు, గుణింతం, సున్న అన్నీ విడి సంకేతాలే. ఖమ్మం 15 బైట్లు, విజయవాడ 21, శ్రీకాకుళం 30. ఒక్కో పేరుకు 20 బైట్ల గది కేటాయిస్తే మొదటిది తప్ప మిగిలినవి పట్టవు. అక్షరాలు లెక్కపెట్టి గది వెడల్పు నిర్ణయించకండి, బైట్లలో కొలిచి, పొడవును కూడా పేరు పక్కనే దాచండి.

పెద్ద తెలుగు పాఠాన్ని కిటికీలుగా చదివేటప్పుడు కిటికీ అంచు ఒక అక్షరం మధ్యలో పడవచ్చు. యూటీఎఫ్-8లో కొనసాగింపు బైటు విలువ 128 నుంచి 191 వరకు ఉంటుంది. జావాలో బైటుకు గుర్తు ఉంటుంది కాబట్టి అది మైనస్ 64 కంటే తక్కువగా కనబడుతుంది. అంచు దగ్గర అలాంటి బైటు ఉంటే వెనక్కి జరగండి. తెలుగు సంకేతం మొదటి బైటు 224, జావాలో మైనస్ 32గా కనబడేచోట ఆగుతారు. ఇంతటితో బైట్లు విరగవు గానీ మ్మ వంటి సంయుక్తాక్షరం ఇంకా రెండు ముక్కలు కావచ్చు. అందుకని వీలైతే కొత్త పంక్తి గుర్తు, అంటే విలువ 10 ఉన్న బైటు దాకా వెనక్కి వెళ్లి అక్కడే కోయండి. యూటీఎఫ్-8లో ఆ విలువ ఏ అక్షరం మధ్యలోనూ రాదు, నిస్సంకోచంగా నమ్మవచ్చు.

పరీక్షలు

మామూలు చదువు రాతల పరీక్షలతో పాటు ఇవి తప్పక రాయండి. గుర్తు సంఖ్య మార్చిన ఫైలును తెరిస్తే ఓపెన్ నిరాకరించాలి, నిరాకరించాక విండోస్‌లో ఆ ఫైలు తొలగించగలగాలి. తొలగించలేకపోతే విఫలమైన దారిలో అరీనా మూయడం మరిచారన్నమాట. కౌంట్‌కు సమానమైన ఇండెక్స్ అడిగితే సున్నా రాకూడదు, ఎక్సెప్షన్ రావాలి. క్లోజ్ తర్వాత చదివితే ఇల్లీగల్‌స్టేట్‌ఎక్సెప్షన్ రావాలి. బిగ్ ఎండియన్‌లో చేతితో రాసిన హెడర్‌ను ఇస్తే గుర్తు సంఖ్య దగ్గరే దొరికిపోవాలి, కాబట్టి గుర్తు సంఖ్యను తిరగేసినా అదే వచ్చేలా ఎంచుకోకండి.

చివరగా, రాసే ప్రోగ్రాంను వేరే ప్రాసెస్‌లో నడిపి, మధ్యలో సిగ్‌కిల్‌తో చంపి, ఫైలును మళ్లీ తెరవండి. కౌంట్ చూపే ప్రతి రికార్డులోనూ సమయం సున్నా కాకుండా, ముందు రికార్డు సమయం కంటే తగ్గకుండా ఉండాలి. కరెంటు పోయే పరిస్థితిని ఈ పరీక్ష చూడదు. దానికి ఒక వర్చువల్ మెషీన్‌లో రాస్తూ ఉండగా ఆ మెషీన్‌ను ఉన్నపళంగా ఆపేసి, మళ్లీ లేపి, అవే షరతులు సరిచూడండి.